నది తరలిపోయిన లోయ

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని రాష్ట్రములు పరిపాలనా సౌకర్యమునకై కౌంటీలుగా విభజింపబడియున్నవి. కౌంటీ యనగా మన దేశమున జిల్లా వంటిది. కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు అంచున, నెవాడా రాష్ట్రము నానుకొని ఇన్యో అను కౌంటీ కలదు. దాని వైశాల్యము పదివేల చదరపు మైళ్ళకు పైబడినది. కాని 2020 జనాభా లెక్కల ప్రకారము అందు నివసించువారు 19,016 మంది మాత్రమే. ఇంత విశాలమైన భూమిపై ఇంత కొద్దిమంది యుండుటకు కారణము కొంత ప్రకృతిలోను, కొంత మానవ చరిత్రలోను కానవచ్చును.

ఇన్యో విపరీతములకు నిలయము. దాని పడమటి సరిహద్దున సియెరా నెవాడా పర్వతపంక్తి కోటగోడవలె నిలిచియున్నది. అందలి విట్నీ శిఖరము ఎత్తు 14,505 అడుగులు. అలాస్కాను మినహాయించినచో సంయుక్త రాష్ట్రములలో అంతకంటె ఉన్నతమైన శిఖరము లేదు. ఆ శిఖరమునకు తొంబది మైళ్ళలోపుననే మృత్యులోయ యని పేరొందిన డెత్ వ్యాలీ కలదు. అందలి బ్యాడ్‌వాటర్ అను ఉప్పునేల సముద్రమట్టమునకు 282 అడుగుల దిగువ నున్నది. ఉత్తర అమెరికా ఖండమున అంతకంటె పల్లమైన భూమి లేదు. 1913 జూలై 10వ తేదీన డెత్ వ్యాలీలో 56.7 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి నమోదయ్యెను. ఈ కౌంటీ ఉత్తరభాగముననున్న తెల్లకొండలపై బ్రిసిల్‌కోన్ పైన్ అను వృక్షములు పెరుగుచున్నవి. వానిలో కొన్నిటి వయస్సు 4,800 సంవత్సరములకు మించినది.

పసిఫిక్ మహాసముద్రమునుండి వీచు తేమగాలులు సియెరా పర్వతములను తాకి పైకి లేచును. పైకి లేచినకొలది చల్లబడి, తమయందలి తేమను వానగాను మంచుగాను పడమటి వాలుపై, శిఖరములపై కురిపించును. తూర్పునకు దిగునప్పటికి ఆ గాలులలో తేమ మిగులదు. అందువలన ఇన్యోలో వాన మిక్కిలి తక్కువ. అయినను శిఖరములపై పేరిన మంచు వేసవిలో కరగి, సెలయేళ్ళై తూర్పు వాలున దిగి, ఓవెన్స్ నదిలో కలియును. ఆ నది పర్వతముల నడుమనున్న పొడవైన లోయగుండ దక్షిణముగా ప్రవహించి, పూర్వము ఓవెన్స్ సరస్సులో చేరెడిది. వాన లేని ఆ సీమకు ఈ నదియే ప్రాణాధారము.

ఈ లోయకు తొలి నివాసులు పైయూట్ ప్రజలు. తెల్లవారు రాకముందే వారు సెలయేళ్ళకు అడ్డుకట్టలు కట్టి, కాలువలు త్రవ్వి, తినుటకు పనికివచ్చు దుంపలు పెరుగు పచ్చికబయళ్ళకు నీరు పారించుచుండిరి. 1861 ప్రాంతమున పశువులను తోలుకొని తెల్లవారు ప్రవేశించిరి. ఆ పశువులు పైయూట్‌ల ఆహారమైన మొక్కలను మేసివేయసాగెను. ఆకలి కలహమునకు, కలహము యుద్ధమునకు దారితీసెను. 1863లో సైనికులు వందలకొలది పైయూట్‌లను కాలినడకన దక్షిణముననున్న తెహోన్ కోటకు తరలించిరి. కాలక్రమమున వారిలో పలువురు స్వస్థలమునకు తిరిగివచ్చిరి. 1866లో ఇన్యో కౌంటీ ఏర్పడెను. ఇండిపెండెన్స్ అను చిన్న పట్టణము దానికి ముఖ్యస్థానమయ్యెను.

పిమ్మట కొంతకాలము గనులు ఆ సీమను పోషించెను. సెర్రో గోర్డో కొండలలో వెండియు సీసమును లభించెను. ఆ వెండి దిమ్మలను మోయుటకై 1872లో ఓవెన్స్ సరస్సుపై ఆవిరిపడవ నడిచెను. అదే సంవత్సరము మార్చి 26వ తేదీన సంభవించిన భూకంపమున లోన్‌పైన్ గ్రామము నేలమట్టమై 27 మంది మరణించిరి. డెత్ వ్యాలీలో దొరకిన బోరాక్స్ అను లవణమును పెద్ద బండ్లకెత్తి, కంచరగాడిదల వరుసలచే 165 మైళ్ళ దూరముననున్న రైలుమార్గమునకు చేర్చుచుండిరి. గనులు ఉడిగినను వ్యవసాయము నిలిచెను. లోయలో ఆపిల్ తోటలు, గడ్డిబీళ్ళు, గోధుమ చేలు వృద్ధిపొందెను.

ఇంతలో దక్షిణమున రెండువందల మైళ్ళకు పైగా దూరమున లాస్ ఏంజెలెస్ నగరము శీఘ్రముగ పెరుగుచుండెను. దానికి చాలినంత నీరు లేదు. నగర ప్రతినిధులు లోయకు వచ్చి, తమ ఉద్దేశమును అందరికి తెలియనీయక, నదీతీర భూములను, వానితోపాటు నీటి హక్కులను కొనిరి. విలియం ముల్‌హాలండ్ అను ఇంజనీరు పర్యవేక్షణమున 1908లో కాలువ నిర్మాణము మొదలై 1913 నవంబరు 5వ తేదీన ముగిసెను. దాని పొడవు 233 మైళ్ళు. ఎచ్చటను యంత్రములతో నీటిని ఎత్తిపోయవలసిన పని లేక, కేవలము పల్లమువెంట నీరు నగరమును చేరునట్లు దానిని నిర్మించిరి. అది ఆనాటి ఇంజనీరింగు విద్యకు గొప్ప విజయము. 1900లో లక్షకు కొంచెము పైబడిన నగర జనసంఖ్య 1930 నాటికి పన్నెండు లక్షలు దాటెను.

కాని నగరము పెరిగినకొలది లోయ ఎండిపోయెను. 1924 మే నెలలో కొందరు కాలువను మందుగుండుతో పేల్చిరి. ఆ నవంబరులో రైతులు అలబామా తూముల నాక్రమించి, కాలువ నీటిని మరల నదిలోనికి వదలిరి. కుటుంబములు వంటసామగ్రితో అచ్చటికి వచ్చి, నాలుగు దినములు జాతరవలె గడపిరి. అయినను 1927లో లోయలోని బ్యాంకులు మూతపడుటతో వారి ప్రతిఘటన సన్నగిల్లెను. అప్పటికే సరస్సు ఎండిపోయియుండెను. ఒకప్పుడు ఆవిరిపడవ నడిచిన చోటినుండి గాలి వీచినప్పుడెల్ల ఉప్పుధూళి లేచి, పల్లెలపై కమ్మి, ప్రజల శ్వాసకు హాని చేసెను.

మాంజనార్ అను ఊరి కథ ఇంకను విషాదకరమైనది. స్పానిష్ భాషలో ఆ పేరునకు ఆపిల్ తోట అని యర్థము. నీరు నగరమునకు పోగా ఆ తోటలు పాడుపడెను. 1942లో, రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, జపాను సంతతికి చెందిన అమెరికా నివాసులను ప్రభుత్వము అచ్చట నిర్బంధించెను. ఒక దశలో పదివేలమందికి పైగా ముళ్ళతీగల నడుమ నివసించిరి. వారు ఆ ఎడారిలోనే పూదోటలు వేసి, కొలనులు త్రవ్వుకొనిరి. 1945లో ఆ శిబిరము మూతపడెను. 1988లో ప్రభుత్వము ఆ యన్యాయమునకు క్షమాపణము చెప్పెను. 1992లో ఆ స్థలము జాతీయ చారిత్రక స్థలమయ్యెను.

1970లో నగరము రెండవ కాలువను నిర్మించి, భూగర్భజలమునుగూడ తోడసాగెను. ఊటలు ఇంకిపోయెను. ఈసారి కౌంటీవారు మందుగుండును నమ్మక న్యాయస్థానము నాశ్రయించిరి. 1972లో మొదలైన ఆ వ్యాజ్యము దీర్ఘకాలము సాగి, 1991లో ఒడంబడికకు దారితీసెను. దాని ఫలితముగ 2006 డిసెంబరులో, కాలువకు దిగువన ఎండియున్న 62 మైళ్ళ నదీమార్గమున మరల నీరు పారెను. ధూళిని అణచుటకై నగరము సరస్సు నేలపై పలుచగా నీరు నిలుపుట, కంకర పరచుట, ఉప్పుగడ్డి పెంచుట మున్నగు పనులకు రెండువందల కోట్ల డాలర్లకు పైగా వ్యయము చేసినది. నీరు నిలిచిన తావులకు వలసపక్షులు మరల వచ్చుచున్నవి. పైయూట్‌ల నీటి హక్కుల ప్రశ్న మాత్రము నేటికిని తేలలేదు.

నేటి ఇన్యోలో భూమి యధికభాగము కేంద్ర ప్రభుత్వమునకు చెందినది. లోయలోని భూమిలో చాలవరకు లాస్ ఏంజెలెస్ నగరపు సొత్తు. ప్రజల సొంత భూమి నూటికి రెండు పాళ్ళు మించదు. అందువలన ఊళ్ళు పెరుగుట కవకాశము లేదు. యాత్రికులకు వసతి కల్పించుట, ప్రభుత్వోద్యోగములు, పశుపోషణ ఆ ప్రజలకు ముఖ్య జీవనాధారములు. బిషప్ పట్టణమున 1969 నుండి కంచరగాడిదల ఉత్సవము జరుగుచున్నది. లోన్‌పైన్ సమీపమునగల అలబామా కొండలలో అనేక చలనచిత్రములు తీయబడినవి. 1939 నాటి 'గంగాదీన్' చిత్రమున భారతదేశపు వాయవ్య సరిహద్దుగా చూపబడినది ఆ కొండలే.

లక్షలమంది దాహము తీర్చిన నగరమును కేవలము దోషి యనుట తగదు. నీరు లేక యే నగరమును నిలువజాలదు. కాని నీరు పోయిన తావున నిలిచియున్నవారికిని బ్రతుకు కలదు. దూరముననున్న కుళాయిలో పడు ప్రతి బొట్టును ఎచ్చటనో ఒక లోయనుండి వచ్చినదే. ఆ సత్యమును నగరము అంగీకరించుటకు ఇన్యో ప్రజలు ఎనుబది సంవత్సరములు వేచియుండవలసివచ్చెను.