గుప్పెడు బటన్లతో సేనను నడపడం ఎలా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు, "వీడియో గేముల మీద రాస్తాం సార్" అన్నాం మేము నలుగురం. సార్ నవ్వారు. "ఆడుకోవడం అందరికీ వచ్చు. అందులో తెలుసుకోవలసింది ఏముందో అది రాయండి" అన్నారు. ఆ మాట మీదే ఈ వ్యాసం రాస్తున్నాం.

గత దసరా సెలవుల్లో మేము హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మన హాస్టల్ పూర్వ విద్యార్థి ఒక అన్న గదిలో ఐదు రోజులు ఉన్నాం. అన్న దగ్గర పాత ఎక్స్‌బాక్స్ 360 ఉంది. దాన్ని టీవీకి తగిలించి ఆడతారు. ఇలాంటి పెట్టెను కన్సోల్ అంటారు. ఉన్నది ఒకే ప్యాడ్, ఆడేవాళ్లం నలుగురం. ఆట పేరు 'హేలో వార్స్'.

ఇది ఎలాంటి ఆట?

చదరంగం మనందరికీ తెలుసు. మనం ఒక ఎత్తు వేస్తాం, ఎదుటివాడు ఒక ఎత్తు వేస్తాడు. మన వంతు వచ్చేదాకా బల్ల మీద ఏదీ కదలదు. రియల్ టైమ్ స్ట్రాటజీ ఆటల్లో వంతులు ఉండవు. మనం ఆలోచిస్తున్నంతసేపూ శత్రువు తన పని తాను చేసుకుంటూనే ఉంటాడు. సరుకు కూడబెట్టాలి, కట్టడాలు కట్టాలి, సైనికులను తయారు చేయాలి, కొందరిని కాపలా పెట్టాలి, కొందరిని యుద్ధానికి పంపాలి. ఇవన్నీ ఒకేసారి జరగాలి. 1997లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' ఇలాంటిదే. అందులో జనాన్ని పెట్టి తిండి, కలప, బంగారం, రాయి సేకరించి రాజ్యాన్ని పెంచాలి.

ఈ ఆటలు ఎక్కువగా కంప్యూటర్ మీద పెరిగాయి. కారణం మౌస్. మౌస్‌ను చెయ్యి ఎంత జరిపితే తెర మీద బాణం అంత జరుగుతుంది. ఒక మూల నుంచి ఇంకో మూలకు క్షణంలో చేరుతుంది. బటన్ నొక్కి పట్టుకుని లాగితే ఒక చతురస్రం గీసుకుంటుంది, అందులో పడిన సైనికులందరూ మన ఆజ్ఞకు సిద్ధమవుతారు. కీబోర్డు మీద అంకెలు ఉన్నాయి కనుక ఒకటో దళం, రెండో దళం అని పేర్లు పెట్టుకోవచ్చు.

ప్యాడ్ మీద ఇవేవీ లేవు. బొటనవేలి కింద చిన్న కర్ర ఉంటుంది. అటు వంచి పట్టుకుంటే బాణం అటు పోతూనే ఉంటుంది, వదిలితే ఆగుతుంది. మౌస్‌తో మనం చోటు చెబుతాం, కర్రతో దిక్కు, వేగం మాత్రమే చెప్పగలం. వేగం పెంచితే కావలసిన చోటు దాటిపోతుంది, తగ్గిస్తే ఆలస్యమవుతుంది. పరుగెత్తుతున్న ఒక్క సైనికుడి మీద బాణం ఆపడానికి మాకు మొదటి రాత్రి అంతా పట్టింది.

ముందువాళ్లు ఏం చేశారు?

ఈ చిక్కు మాకే కాదు, ఆటలు తయారు చేసినవాళ్లకూ ఎదురైంది. వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో దారి వెతికారు.

మొదటి దారి, ఆటగాడిని కూడా యుద్ధభూమిలోకి దించడం. 1989లో జపాన్‌లో సెగా వారి మెగా డ్రైవ్ కన్సోల్ కోసం 'హెర్జోగ్ జ్వై' అనే ఆట వచ్చింది. అందులో మనమే ఒక ఎగిరే యంత్రం. సైనికులను కొనుక్కుని, మోసుకుపోయి, కావలసిన చోట దించాలి. కంప్యూటర్ మీద ఈ ఆటలకు బాట వేసిన 'డ్యూన్ 2' వచ్చింది 1992లో. అంటే దానికి మూడేళ్ల ముందే కన్సోల్ మీద ఈ ఆలోచన మొలకెత్తింది. 2001లో నింటెండో వారి గేమ్‌క్యూబ్ మీద వచ్చిన 'పిక్మిన్' కూడా ఈ దారిదే. అందులో ఒక చిన్న నాయకుడు నడుస్తుంటే వెనక 100 వరకు చిట్టి జీవులు నడుస్తాయి. వాటిని ఈల వేసి పిలవడం, విసిరి పనికి పంపడం, అంతే.

రెండో దారి, కంప్యూటర్ ఆటనే తెచ్చి ప్యాడ్‌కు అతికించడం. కంప్యూటర్ మీద 1998లో వచ్చిన 'స్టార్‌క్రాఫ్ట్' 2000లో నింటెండో 64 మీదకు వచ్చింది. అక్కడ బాణాన్ని కర్రతోనే నెట్టాలి. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' ప్లేస్టేషన్ 2 మీదకు వచ్చినప్పుడు మౌస్, కీబోర్డు తగిలించుకునే వీలు కూడా ఇచ్చారు.

మూడో దారి నోటితో చెప్పడం. 2008లో వచ్చిన 'ఎండ్‌వార్'లో మైకు పెట్టుకుని ఏ దళం, ఏం చేయాలి, ఎక్కడ అని ఇంగ్లీషులో పలికితే సైన్యం కదులుతుంది.

నాలుగో దారి, ఆటను మొదటినుంచీ ప్యాడ్ కోసమే ఆలోచించడం. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' చేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ వారే 2009లో 'హేలో వార్స్' తెచ్చారు. అదే వారి చివరి ఆట. ముందుగా వారు తమ పాత ఆట 'ఏజ్ ఆఫ్ మైథాలజీ'ని ప్యాడ్‌తో ఆడేలా మార్చి చూసుకున్నారు. ఏది వేలికి అందుతుంది, ఏది అందదు అని తేల్చుకున్నాకే కొత్త ఆట కట్టారు.

ఏం తీసేశారు, ఏం ఉంచారు?

వారు చేసిన మార్పులు గమనించండి. సరుకు మోసే కూలీలు లేరు. గిడ్డంగి కడితే సరుకు దానంతట అదే వస్తుంటుంది. కట్టడాలకు స్థలం వెతకనక్కరలేదు. స్థావరం చుట్టూ ముందే గుర్తు పెట్టిన జాగాలు ఉంటాయి. ఏదైనా కట్టాలంటే గడియారం ముఖంలా గుండ్రటి పట్టిక తెరుచుకుంటుంది, కర్రను కావలసిన వైపు వంచితే చాలు. ఒకడిని ఎంచుకోవాలంటే ఎ బటన్ ఒకసారి నొక్కాలి. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే ఆ జాతివాళ్లందరూ వస్తారు. ఎక్స్ బటన్ నొక్కితే చూపిన చోటికి కదులుతారు, అక్కడ శత్రువు ఉంటే కొడతారు.

అన్నిటికన్నా ముఖ్యమైనవి ప్యాడ్ భుజాల మీది రెండు బటన్లు. ఎడమది నొక్కితే మన సైన్యం మొత్తం, ఎక్కడెక్కడ ఉన్నా, ఎంపికవుతుంది. కుడిది నొక్కితే తెర మీద కనిపిస్తున్నవాళ్లు మాత్రమే ఎంపికవుతారు.

ఇందులో నష్టం కూడా ఉంది. కంప్యూటర్ మీదలాగా దళాలకు అంకెలు వేసుకునే వీలు ఇందులో లేదు. 2017లో వచ్చిన 'హేలో వార్స్ 2'లో ఆ ఏర్పాటు చేర్చారు. 2023లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2', 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 4' కూడా ఎక్స్‌బాక్స్ మీదకు వచ్చాయి. ప్యాడ్‌తో ఈ ఆటలు కుదరవన్న మాట మెల్లగా తగ్గుతోంది.

మేము ఎందుకు ఓడిపోయాం?

మొదటి రెండు రోజులు మేము గెలవలేదు. మాలో కంప్యూటర్ బాగా తెలిసినవాడే ప్యాడ్ పట్టుకున్నాడు. మిగతా ముగ్గురం పక్కన కూర్చుని తలా ఒక సలహా అరిచాం. వాడికి ఎడమ బటన్ బాగా నచ్చింది. ఒక్క నొక్కుతో సైన్యమంతా కదులుతుంటే చూడముచ్చటగా ఉండేది మరి. అందరినీ తీసుకుని శత్రువు కోట మీదకు పోయాడు. సరిగ్గా అప్పుడే శత్రువులు వేరే దారిన వచ్చి మా స్థావరాన్ని కూల్చేశారు.

వెనక మంచం మీద కూర్చున్న అన్న, "ఇంటిల్లిపాదీ పెళ్లికి పోతే ఇంటి దగ్గర ఎవరున్నార్రా?" అన్నాడు.

అప్పుడు మాలో తక్కువ మాట్లాడేవాడు మెల్లగా, "మూలన ఉన్న చిన్న పటంలో చుక్కలు వస్తున్నాయని నేను రెండుసార్లు చెప్పాను" అన్నాడు. నిజమే, చెప్పాడు. మా అరుపుల్లో ఎవరికీ వినపడలేదు.

మూడో రోజు పద్ధతి మార్చాం. ఒకడు ప్యాడ్ పట్టుకోవాలి. ఒకడు చిన్న పటం మాత్రమే చూడాలి. ఒకడు సరుకు ఎంత ఉందో, ఏం కట్టాలో చూడాలి. నాలుగోవాడు నోరు మూసుకుని నేర్చుకోవాలి. ఒక ఆట అయ్యాక పనులు మారాలి. ఎడమ బటన్ బదులు కుడి బటన్ వాడాలి. అప్పుడు ముందున్నవాళ్లు మాత్రమే కదులుతారు, ఇంటి దగ్గరి కాపలా ఇంటి దగ్గరే ఉంటుంది. నాలుగో రోజు రాత్రి గెలిచాం. ఆ ఆటలో ప్యాడ్ పట్టుకున్నది పటం చూసిన ఆ తక్కువ మాటల మిత్రుడే. అంతకు ముందు వాడు ఏ ఆటలోనూ ప్యాడ్ పట్టుకోలేదు.

మాకు అర్థమైంది ఒకటే. ఈ ఆటల్లో అన్నిటికన్నా కొరతగా ఉండేది సరుకు కాదు, మన చూపు. ఒక చోట చూస్తుంటే రెండో చోట చూడలేం. ఎన్‌సెంబుల్ వారు కొన్ని పనులు యంత్రానికి అప్పగించి ఆ కొరత తీర్చారు. మేము పనులు పంచుకుని తీర్చుకున్నాం.

ఈ ఆటల వల్ల మార్కులు వస్తాయని మేము చెప్పం. సెలవుల్లో చేయవలసిన లెక్కలు సగం మిగిలిపోయాయి, తిరిగి వచ్చాక రాత్రుళ్లు కూర్చుని చేశాం. పరీక్షలు దగ్గర పెట్టుకుని ఎవరూ ఆడవద్దు.

అయితే హాస్టల్‌కు వచ్చాక కంప్యూటర్ గదిలో మేము ఒక సంగతి గమనించాం. ఒక్కో కంప్యూటర్ ముందు నలుగురం కూర్చుంటాం. మౌస్ ఎప్పుడూ తెలిసినవాడి చేతిలోనే ఉంటుంది. మిగతావాళ్లు ఏడాది పొడవునా చూస్తూనే ఉంటారు. తెలిసినవాడే ఎప్పుడూ పట్టుకుంటే తెలియనివాడికి ఎప్పుడు తెలుస్తుంది? ఈ మాట వార్డెన్ సార్‌కు చెప్పి, ఇప్పుడు గోడ గడియారం చూసి పావుగంటకు ఒకరి చొప్పున మౌస్ చేతులు మార్చుకుంటున్నాం. మొదట్లో పని ఆలస్యమైంది, కొందరు విసుక్కున్నారు కూడా. ఇప్పుడు మా బల్ల దగ్గర నలుగురికీ ఫైలు దాచడం, అప్లికేషన్ నింపడం వచ్చు.

తమ్ముళ్లూ, మీ బల్ల దగ్గర కూడా ఈ పద్ధతి పెట్టుకోండి. పూర్వ విద్యార్థి అన్నలకు మా నమస్కారాలు. సెలవుల్లో మీ గది తలుపు తెరిచి ఉంచండి. ఒక్క ప్యాడ్ ఉన్నా చాలు, మేము సర్దుకుంటాం.