కరిచే పెంపుడు పామును నెమ్మదింపజేసేదెలా?

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో కుక్కపిల్ల కాదు, పాము కావాలని మారాం చేసే పిల్లలూ ఉన్నారు. అక్కడ పెంపకానికి ఎక్కువమంది ఎంచుకునే వాటిలో కార్న్ స్నేక్ ఒకటి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవులూ పొలాలూ దీని పుట్టిల్లు. మన జెర్రిపోతు కుటుంబానికే చెందిన ఈ పాముకు విషం లేదు. ఎదిగితే మూడు నుంచి ఐదు అడుగులుంటుంది. బాగా చూసుకుంటే 15–20 ఏళ్లు బతుకుతుంది. సాధువని పేరున్న ఈ పామే, ఇంటికి తెచ్చిన వారంలో చెయ్యి దగ్గరికి రాగానే మెడ ముడిచి చటుక్కున కరిస్తే పిల్లలు బెదిరిపోతారు. 'ఇది పొగరుబోతు పాము, తిరిగి ఇచ్చేద్దాం' అని పెద్దవాళ్లు తీర్మానిస్తారు. ఆ తీర్మానానికి ముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

తిండి పెట్టే మనిషినే ఎందుకు కరుస్తుంది?

ఎక్కువగా భయపడి కరుస్తుంది. గుడ్డులోంచి బయటపడిన కార్న్ స్నేక్ పిల్ల పొడవు జానెడు కన్నా కాస్త ఎక్కువ, అంతే. అడవిలో గద్దలు, రకూన్లు, చివరికి కింగ్ స్నేక్ లాంటి తోటి పాములు కూడా దాన్ని తినేస్తాయి. పరిగెత్తడానికి కాళ్లు లేవు, తిరగబడడానికి గోళ్లు లేవు, విషం లేదు. అందుకే ముందు దాక్కుంటుంది. దాక్కునే వీలు లేకపోతే పారిపోతుంది. అదీ కుదరకపోతే బెదిరిస్తుంది: మెడను వంకర్లుగా ముడుస్తుంది, తోకను ఎండుటాకుల మీద గబగబా ఆడించి చప్పుడు చేస్తుంది, ఘాటైన కంపు వదులుతుంది. ఇవేవీ పనిచేయనప్పుడు కరుస్తుంది. అద్దాల పెట్టెలో పారిపోయే దారి ఉండదు కనుక చివరి మెట్టుకు త్వరగా చేరుకుంటుంది.

మన కథలూ సినిమాలూ పాముకు పగను అంటగట్టాయి. పాము మనిషిని గుర్తుపెట్టుకుని పగ సాధిస్తుందనడానికి ఆధారం లేదు. కరిచే పాము కోపిష్టిది అనుకున్నంత కాలం మనం దాన్ని లొంగదీయాలని చూస్తాం. భయపడింది అని తెలుసుకుంటే ఆ భయానికి కారణాలు వెతుకుతాం. అది నెమ్మదించడం ఆ వెతుకులాటతోనే మొదలవుతుంది.

భయంతో కరిచిందా, ఆకలితో కరిచిందా?

కాటు తీరును బట్టి తెలుస్తుంది. భయంతో కరిచే పాము తాకీ తాకగానే వదిలేసి వెనక్కి ముడుచుకుంటుంది. ఒక్కోసారి నోరు తెరవకుండానే మూతితో పొడుస్తుంది. ఆకలితో కరిచే పాము పట్టు వదలదు, వేలి చుట్టూ చుట్టుకోబోతుంది. అంటే మన చేతిని ఎర అనుకుందన్నమాట. పాము నాలుకతో గాలిలోని వాసన కణాలను పోగుచేసి, నోటి పైభాగంలోని జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. చేతికి ఎలుక వాసనో, ఇంట్లో పెంచే హామ్‌స్టర్ వాసనో ఉంటే పొరబడడం సహజం. అందుకే పామును ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. మేతగా ఇచ్చే ఎలుకను చేత్తో కాకుండా పొడవాటి పట్టకారుతో అందించండి. తిండి పెట్టడానికి మాత్రమే మూత తీసే అలవాటుంటే, మూత కదిలిన ప్రతిసారీ అది ఎర కోసం ఎదురుచూస్తుంది. నీళ్లు మార్చడానికీ శుభ్రం చేయడానికీ కూడా తరచూ మూత తీస్తూ ఉండండి.

ఇంటికి తెచ్చిన కొత్తలో ఏం చేయాలి?

దాని మానాన దాన్ని వదిలేయాలి. కనీసం వారం, వీలైతే రెండు వారాలు చేతిలోకి తీసుకోవద్దు. రెండు మూడుసార్లు మేత తిని అరిగించుకుందంటే చోటు అలవాటు పడుతున్నట్టే. ఈలోగా ఇల్లు సరిచేయండి. పెట్టెలో ఒక చివర 29–31 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం, రెండో చివర 22–25 డిగ్రీల చల్లదనం ఉండాలి. హీటర్‌ను థర్మోస్టాట్ లేకుండా వాడకూడదు, పొట్ట కాలుతుంది. రెండు చివర్లా ఒక్కో గూడు పెట్టండి. గూడు ఎంత ఇరుకైతే పాముకు అంత ధైర్యం. చుట్ట చుట్టుకున్నప్పుడు ఒళ్లు గోడలకు ఆనాలి. వెచ్చని వైపు మాత్రమే గూడు ఉంటే, చల్లదనం కావలసిన పాము దాక్కోవడమో చల్లబడడమో ఏదో ఒకటే ఎంచుకోవలసి వస్తుంది. పెట్టెకు మూడు వైపులా కాగితం అంటించడం కూడా మేలే.

పెట్టెను టీవీ స్పీకర్ల పక్కన, దబదబా మూసే తలుపు దగ్గర పెట్టకండి. పాముకు బయటికి కనిపించే చెవులు లేవు గానీ లోపలి చెవి ఉంది, అది దవడ ఎముకకు కలిసి ఉంటుంది. నేల అదురు దానికి బాగా తెలుస్తుంది.

చేతిలోకి తీసుకోవడం ఎలా?

పై నుంచి చెయ్యి దించకండి. పాముకు అది గద్ద దిగినట్టే. పక్క నుంచి, దానికి కనబడేలా చెయ్యి పెట్టండి. ముందుగా పాములను ఎత్తే కొక్కెం (స్నేక్ హుక్)తోనో, చుట్టిన కాగితంతోనో నడుము దగ్గర మెల్లగా తాకండి. ఇది మేత వేళ కాదని దానికి తెలుస్తుంది. కొన్నాళ్లకు ఆ స్పర్శే ఒక సంకేతంగా మారుతుంది. తర్వాత నడుము కింద వేళ్లు పోనిచ్చి, తడబడకుండా ఒక్క ఊపున ఎత్తండి. చేతిని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తటపటాయిస్తే దాని భయం పెరుగుతుంది. తల పట్టుకోవద్దు, తోక పట్టి వేలాడదీయవద్దు. రెండు చేతుల మీదా ఒంటి బరువు ఆనేలా చూసి, అటునుంచి ఇటు పాకనివ్వండి.

మొదట్లో ఐదు నిమిషాలు చాలు, వారానికి రెండు మూడుసార్లు. బుస కొట్టినప్పుడో కరిచినప్పుడో వెంటనే పెట్టెలో పెట్టేయకండి. కరిస్తే చాలు, వదిలేస్తారని నేర్చుకుంటుంది. కదలకుండా ఉండి, అది నెమ్మదించాక దించండి. కాటుకు జంకేవాళ్లు మొదట్లో పలుచని చేతొడుగులు వేసుకోవచ్చు. మీ చెయ్యి వణకకపోతే దానికీ మేలే.

ఇది ఎందుకు పనిచేస్తుంది? హాని లేదని పదేపదే తేలిన దాని మీద భయం తగ్గడం దాదాపు జంతువులన్నిటికీ ఉన్న గుణం. గోర్డన్ బర్గార్ట్, హెరాల్డ్ హెర్జాగ్ అనే పరిశోధకులు 1980లలో గార్టర్ పాము పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో ఇదే కనిపించింది. ఒకే రకమైన బెదిరింపును మళ్లీ మళ్లీ చూపితే పాము పిల్లలు కరవడం తగ్గించాయి. అయితే జాతికీ జాతికీ, పిల్లకూ పిల్లకూ తేడా ఉంది.

ఎప్పుడు ముట్టుకోకూడదు?

మేత తిన్న 48 గంటల దాకా వద్దు, తిన్నది కక్కేయవచ్చు. కుబుసం విడిచే ముందు కళ్లు పాల నీలంగా మసకబారతాయి. చూపు ఆనదు కనుక ఎంత సాధువైనా కరవవచ్చు. పాము పిల్లలు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కుబుసం విడుస్తాయి. నెమ్మదిగా ఉన్న పాము ఉన్నట్టుండి కరవడం మొదలుపెట్టి, కుబుసం కారణం కాకపోతే, పాముల్ని చూసే పశువైద్యుడికి చూపించండి. పురుగులు పట్టడం, నోటి పుండ్లు, హీటర్ కాలిన గాయాలు ఇలాగే బయటపడతాయి.

కరిస్తే ఏం చేయాలి?

చెయ్యి విసురుగా లాక్కోకండి. పళ్లు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చీరుతుంది, దాని పళ్లు విరుగుతాయి. వదలకపోతే చల్లని నీళ్లు పోయండి. తర్వాత సబ్బుతో కడిగి, టెటనస్ సూది ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. కరవకపోయినా, ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. పాముల ఒంటిమీద సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఎన్నాళ్లు పడుతుంది?

కొన్నిటికి వారాలు, కొన్నిటికి నెలలు. ఒళ్లు పెరిగేకొద్దీ చాలా పాములు వాటంతటవే నెమ్మదిస్తాయి. కొన్ని ఎప్పటికీ చేతికి అలవాటు పడవు. అలాంటి దాన్ని అద్దంలోంచి చూసి ఆనందించండి. పాము నుంచి కుక్క ప్రేమను ఆశించకూడదు. మీ చెయ్యి ప్రమాదం కాదని అది ఒప్పుకుంటే, మీ పెంపకం ఫలించినట్టే.

కొనే ముందు మీరుండే చోటి చట్టం చూడండి. హవాయిలో ఏ పామునూ పెంచకూడదు. జార్జియాలో కార్న్ స్నేక్ అక్కడి స్థానిక పాము కనుక దాని పెంపకం నిషిద్ధం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులకు ఒక విన్నపం. ఇక్కడ రాసిందంతా మనుషుల మధ్య పుట్టి పెరిగిన, విషం లేని పాముకే వర్తిస్తుంది. మన పొలాల్లోని పాములను పట్టి పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇంట్లోకి పాము వస్తే దూరంగా నిలబడండి, చంపకండి, అటవీ శాఖకో, శిక్షణ పొందిన పాములు పట్టేవారికో కబురు చేయండి.