13 గంటల లెక్క, వంకర టింకర కోడ్

ఎపిసోడ్‌లో నేను స్పీడుగా చెప్పేసిన పోటీ సంగతి రాసిపెట్టమని చాలామంది అడిగారు. ఇదిగో.

నేను ఐటీఐ చదివి సైట్ మీద పని నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ సన్నీవేల్‌లో మా చుట్టుపక్కల అంతా సాఫ్ట్‌వేర్ వాళ్లే. ఒక తమ్ముడు ఫోన్‌లో ఒక ప్రోగ్రామ్ చూపించాడు. గీతలన్నీ గుండ్రంగా పేర్చి ముగ్గేసినట్టు ఉంది. 1988లో బ్రయాన్ వెస్ట్లీ రాసిందట. ఆ గుండ్రాన్ని అదే కొలుచుకుని పై విలువ, అంటే మనం బడిలో చదివిన 3.14, లెక్క కడుతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే ఇంకా పెద్ద గుండ్రం వెయ్యాలి!

ఇలాంటివాటికే ఒక పోటీ ఉంది, పేరు ఐఓసీసీసీ. సి భాషలో, పని చేస్తూనే చదివితే అర్థం కాని ప్రోగ్రామ్ రాయాలి. 1984లో లాండన్ కర్ట్ నోల్, లారీ బాసెల్ మొదలుపెట్టారు. అప్పుడు వాళ్లు నేషనల్ సెమీకండక్టర్‌లో పని చేసేవాళ్లు. వేరేవాళ్ల గజిబిజి కోడ్ బాగుచేసి విసిగిపోయి పుట్టిన ఆలోచన ఇది. నోల్ తర్వాత సన్నీవేల్ సిటీ కౌన్సిల్‌లో సభ్యుడు కూడా అయ్యాడు. కోడ్ శుభ్రంగా రాయడం ఎంత అవసరమో ఇలా ఎగతాళిగా చూపించడం కూడా ఈ పోటీ ఉద్దేశమే.

పోటీలో అయితే నవ్వుకుంటాం. నేను మాత్రం డ్యూటీలోనే ఆ పని చేశాను. ఓవర్‌టైం షీట్‌లో ఒకే గడిలో ఇఫ్ మీద ఇఫ్ పెట్టి మూరెడు ఫార్ములా రాసి, గొప్పగా ఫీలయ్యాను. తర్వాత ఒక తమ్ముడికి 13 గంటలు చేసిన రోజు డబ్బులు తక్కువ పడ్డాయి. తప్పెక్కడుందో చూద్దామంటే నా ఫార్ములా నాకే అర్థం కాలేదు. ఆ డబ్బులు ఇప్పించేదాకా అతని మొహం చూడలేకపోయాను.

నిజానికి లెక్క చిన్నదే. కాలిఫోర్నియాలో మామూలుగా రోజుకు 8 గంటల దాకా మామూలు రేటు, 8 దాటి 12 దాకా ఒకటిన్నర రెట్లు, 12 దాటితే రెండు రెట్లు. అంటే 13 గంటలకు:

మొదటి 8 గంటలకు 8
తర్వాతి 4 గంటలకు 6
చివరి 1 గంటకు 2
మొత్తం 16 గంటల జీతం.

ఇప్పుడు మా షీట్‌లో ఇవి మూడూ వేరువేరు గడులు. ఎవరైనా వేలు పెట్టి చూపించి అడగొచ్చు.

మీరున్న దేశంలో రూలు వేరే ఉంటుంది, అది కనుక్కోండి. వచ్చిన టైం, దిగిన టైం రోజూ మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. పే స్లిప్ అర్థం కాకపోతే "నాకు చదువు రాదులే" అని ఊరుకోకండి అన్నా. రాసినవాడికే అర్థం కాకుండా ఉండొచ్చు. అడగండి.