పడిపోయిన చెయ్యికి భుజం నొప్పి ఎందుకు?

పక్షవాతాన్ని పాతబస్తీలో ఫాలిజ్ అని కూడా అంటారు. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా ఇది వస్తుంది. ఒక పక్క కాలు, చెయ్యి పడిపోతాయి. ఇంటికి వచ్చాక చాలామందికి ఆ పక్క భుజం నొప్పి పెడుతుంది. "పడిపోయిన చెయ్యికి నొప్పేమిటి?" అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. కాని నొప్పి నిజమే.

నొప్పికి భయపడి మనిషి వ్యాయామం మానేస్తాడు. మానేస్తే చెయ్యి కోలుకోవడం కష్టం. లాడ్‌బజార్ లక్క గాజులకు రాళ్ళు అతికే చెయ్యి అయినా, మిషను కుట్టే చెయ్యి అయినా, అది ఇంటికి అన్నం పెట్టే చెయ్యి.

కీలు జారడం

చెయ్యి ఎముక పైకొన బంతిలా ఉంటుంది. అది కూర్చునే గుంట గిన్నెలా లోతుగా ఉండదు. చిన్న పళ్ళెంలా ఉంటుంది. కండరాలే ఎముకను పట్టి ఉంచుతాయి. పక్షవాతం వచ్చిన మొదట్లో కండరాలు వదులవుతాయి. చెయ్యి బరువుకు ఎముక కిందికి జారుతుంది. భుజం కొన కింద వేలు పట్టేంత సందు కనపడవచ్చు.

కీలు బిగుసుకోవడం

కొన్ని వారాలకు కొందరి కండరాలు బిగుస్తాయి. చెయ్యి రొమ్ము వైపు ముడుచుకుంటుంది. కదలిక లేక కీలు చుట్టూ ఉన్న పొర గట్టిపడుతుంది. షుగరు ఉన్నవాళ్ళకు ఈ బాధ ఎక్కువ.

చెయ్యి గుంజడం

మంచం మీంచి లేపేటప్పుడు, ఆటో ఎక్కించేటప్పుడు చెయ్యి పట్టి గుంజుతారు. ప్రేమతోనే చేస్తారు. కాని వదులైన కీలు దెబ్బ తింటుంది. గట్టిగా మాలీసు చేసినా, చెయ్యిని బలవంతంగా తల మీదికి ఎత్తినా అంతే.

ఏం చెయ్యాలి?

లేపేటప్పుడు చెయ్యి గాని, చంక గాని పట్టకండి. వీపు వెనక, నడుము దగ్గర పట్టండి.

కూర్చున్నప్పుడు చెయ్యి వేలాడకూడదు. ఒళ్ళో దిండు పెట్టి దాని మీద ఉంచండి.

చొక్కా గాని, జాకెట్టు గాని తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి. విప్పేటప్పుడు ముందు మంచి చెయ్యి.

స్పర్శ లేని చోట కాపడం పెట్టకండి. వేడి తెలియక ఒళ్ళు కాలుతుంది.

చెయ్యిని అసలు కదిలించకపోవడం కూడా తప్పే. ఫిజియోథెరపీ వాళ్ళు చూపినట్టు రోజూ మెల్లగా కదిలించాలి. పాతబస్తీ వాళ్ళకు అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి దగ్గర. చెయ్యి వాచినా, ఎర్రబడినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "చెయ్యి గుంజవద్దు" అని రాయండి. మంచం పక్క గోడకు అంటించండి. చూడవచ్చిన చుట్టాలు కూడా చదువుకుంటారు.