బ్యాంకుకు ఇచ్చాం... వదులుకోలేదు!

శనివారం ఉదయం. సనత్‌నగర్‌లో ఓ జిరాక్సు షాపు. చేతిసంచిలోంచి ఆధార్, పాన్ కార్డులు తీసి కౌంటర్ మీద పెట్టాడో పెద్దాయన. ఇక్కడి పారిశ్రామికవాడలోనే పనిచేసి రిటైరయ్యాడు. ‘కేవైసీ అప్‌డేట్ చేసుకోండి’ అని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిందట. మొదటి కాపీ మసగ్గా వచ్చింది. ‘‘ఇది పోయింది తాతా, ఇంకోటి తీస్తా’’ అంటూ కుర్రాడు దాన్ని మెషీను కింద అట్టపెట్టెలో పడేశాడు. పెద్దాయన ఊరుకోలేదు. ఆ కాగితం అడిగి తీసుకుని, నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

ఎంత జాగ్రత్తో! మరి బ్యాంకులో ఇవ్వబోయే రెండో కాపీ సంగతేంటి? అది ఎవరెవరి చేతుల్లోకి వెళుతుంది? ఒకసారి ఇచ్చేశాక దానిమీద మనకు హక్కేమైనా మిగులుతుందా?

మిగులుతుంది. సుప్రీంకోర్టు చేత ఆ మాట చెప్పించిన కేసు మన హైదరాబాద్‌దే!

కలెక్టర్ వర్సెస్ బ్యాంకు

1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను సవరించింది. కలెక్టర్ రాతపూర్వకంగా అధికారమిస్తే చాలు... ఎవరైనా సరే బ్యాంకుకు వెళ్లి, అక్కడున్న ఖాతాదారుల దస్తావేజులు తనిఖీ చేయొచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు. స్టాంపు సుంకం ఎగవేతను పట్టుకోవాలన్నది ఉద్దేశం. బ్యాంకులు ఎదురు తిరిగాయి. హైకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. వివాదం ‘హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్ వర్సెస్ కెనరా బ్యాంక్’ పేరుతో ఢిల్లీకి చేరింది.

2004 నవంబరు 1న ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి.లహోటీ నేతృత్వంలోని ధర్మాసనం హైకోర్టు మాటే ఖాయం చేసింది. గోప్యత మనిషికి సంబంధించింది, చోటుకు కాదు. ఇంట్లో బీరువాలో ఉన్నా బ్యాంకు చేతిలో ఉన్నా ఆ కాగితాల గుట్టు మనదేనన్నది తీర్పు సారాంశం. బ్యాంకుకు ఇచ్చిన వివరాల మీద ఖాతాదారుకు గోప్యత హక్కు ఉండదని 1976లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మన కోర్టు ఆ దారిలో వెళ్లలేదు. గోప్యత ప్రాథమిక హక్కేనంటూ 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పులోనూ ఈ హైదరాబాద్ కేసు ప్రస్తావన ఉంది.

నాలుగు సందర్భాలు

ఖాతాదారు గుట్టు బ్యాంకు ఎప్పుడు విప్పొచ్చు? దీనికి ఆధారం 1924లో ఇంగ్లండ్‌లో వచ్చిన టూర్నియర్ కేసు. ఓ ఖాతాదారు పందేల రాయుళ్లకు డబ్బు కడుతున్నాడని బ్యాంకు మేనేజరు అతడి యజమానికి ఫోన్లో చెప్పాడు. పాపం, ఉద్యోగం ఊడింది. అప్పుడు కోర్టు నాలుగు మినహాయింపులే ఇచ్చింది: చట్టం అడిగినప్పుడు, సమాజానికి మేలు జరగాల్సినప్పుడు, బ్యాంకు తన బాకీలాంటివి రాబట్టుకునేందుకు, ఖాతాదారు ఒప్పుకున్నప్పుడు. మన బ్యాంకులూ అదే సూత్రం మీద నడుస్తున్నాయి.

పది లక్షలు దాటిన నగదు లావాదేవీల సమాచారం కేంద్ర ఆర్థిక నిఘా విభాగానికి వెళ్లేది మొదటి కారణంతోనే. మన అప్పుల చరిత్ర సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్‌లకు చేరేది 2005 నాటి చట్టం ప్రకారమే. అక్కడ తప్పు పడితే రేపు ఇంటి రుణం రాకపోవచ్చు. అందుకే ఏడాదికోసారి ఉచితంగా నివేదిక తెప్పించుకునే వీలుంది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తప్పు సరిదిద్దకపోతే ఆపైన రోజుకు రూ.100 పరిహారమివ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

చిక్కంతా నాలుగోదానితోనే!

మన ఒప్పుకోలు... అంటే సంతకం. ఖాతా తెరిచేటప్పుడు ఎన్ని పేజీలుంటాయో గుర్తుందా? పెన్సిలు గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టేస్తాం. ‘మా అనుబంధ సంస్థలతో వివరాలు పంచుకునేందుకు అంగీకరిస్తున్నాను’ అనే చిన్నక్షరాల వాక్యం ఆ పేజీల్లోనే దాక్కుంటుంది. యాప్‌లో అయితే అదే ఒక టిక్కు. బీమా పాలసీ తీసుకోమంటూ మధ్యాహ్నం నిద్రపట్టే వేళ వచ్చే ఫోన్‌కు మూలం అదే కావొచ్చు.

నిజానికి ఖాతా కోసం తీసుకున్న వివరాలను ఖాతాదారు స్పష్టమైన అనుమతి లేకుండా ఇతర ఉత్పత్తుల అమ్మకానికి వాడకూడదని రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనలు చెబుతున్నాయి. తప్పనిసరి కాని వివరాలను అడగాలన్నా అనుమతి కావాలి.

బయటపడితే ఏమవుతుందో 2023లో మన నగరమే చూసింది. కోట్లమంది వివరాలు అమ్ముతున్న ముఠాలను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. మార్చిలో 16.8 కోట్ల మందివి, ఏప్రిల్లో ఏకంగా 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థలవి! అందులో డెబిట్, క్రెడిట్ కార్డులున్నవారి సమాచారమూ ఉంది. మోసగాడు ఫోన్ చేసి మన పేరు, కార్డు వివరాలు చెబితే, బ్యాంకువాడే అనుకోమూ?

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దశలవారీగా అమలయ్యే ఈ చట్టంలో, సమాచారాన్ని సరిగా కాపాడని సంస్థకు రూ.250 కోట్ల వరకూ జరిమానా పడొచ్చు. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కూ ఉంది.

మన చేతుల్లో...

* ఆధార్‌తో ధ్రువీకరణ అవసరం లేనిచోట కాపీ ఇస్తే, దానిమీద నంబరు కనిపించకుండా కొట్టివేయించాల్సిన బాధ్యత బ్యాంకుదే. మీరే గుర్తుచేయండి.

* జిరాక్సు మీద ‘కేవైసీ కోసం మాత్రమే’ అని, తేదీ రాసి సంతకం చేయండి.

* దరఖాస్తులో తప్పనిసరి ఏదో, ఐచ్ఛికం ఏదో అడగండి. ప్రచారానికి ఒప్పుకోలు గడిని వదిలేయండి.

* ఓటీపీ, పిన్ ఏ బ్యాంకూ అడగదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. తక్కువ రిస్కు ఖాతాలకు కేవైసీ సవరణ పదేళ్లకోసారే. వివరాలేవీ మారకపోతే, పాత పత్రాలు ఇప్పటి నిబంధనలకు సరిపోతే, ‘మార్పు లేదు’ అని మనం ఇచ్చే ధ్రువీకరణే చాలు. ఏటీఎంలోనో మొబైల్లోనో చెప్పినా సరే.

అంటే... సనత్‌నగర్ పెద్దాయన ఇల్లు మారకపోయి ఉంటే, ఆ రోజు ఆయనకు జిరాక్సు షాపు మెట్లెక్కే పనే ఉండకపోవచ్చు!