ఎంబీఏ చదవాలా? ఫీజు పథకం కావాలంటే సీటు కన్వీనర్ కోటాలోనే రావాలి

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో, అశోక్‌నగర్, నారాయణగూడ రూముల్లోనో గ్రూప్స్‌కు చదువుతూ, పక్కన ఐసెట్ కూడా రాద్దామనుకుంటున్నారా? అయితే ఇది చదవండి. మీ రెండేళ్ల ఫీజు సంగతి ఇది.

ఏ సీటుకు వస్తుంది?
ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రాదు. "ముందు చేరండి, స్కాలర్‌షిప్ తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే ఆగండి. కన్వీనర్ అలాట్‌మెంట్ ఆర్డర్ చేతికొచ్చాకే డబ్బు కట్టండి.

ఎవరికి?
కుటుంబ వార్షిక ఆదాయం ఎస్సీ, ఎస్టీలకు రూ.2 లక్షలు, బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పట్టణాల్లో రూ.2 లక్షలు, గ్రామాల్లో రూ.1.5 లక్షలు దాటకూడదు.

పరీక్ష ఎలా ఉంటుంది?
200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ర్యాంకు రావాలంటే 50 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు.

ర్యాంకు వచ్చాక?
1. కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూపించండి.
2. వెబ్ ఆప్షన్లలో మీకు బాగా ఇష్టమైన కాలేజీని పైన పెట్టండి. రెండు మూడుతో ఆపేయకండి.
3. కాలేజీలో చేరగానే ఈ-పాస్‌లో దరఖాస్తు చేయండి. రెండో ఏడాది రెన్యువల్ మరవొద్దు.
4. హాజరు 75 శాతం తగ్గనివ్వకండి.

కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం ఇప్పుడే మీసేవకు వెళ్లండి. కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక పరుగెడితే, ర్యాంకు ఉండి కూడా నష్టపోతారు.