కూర్చున్నారా? నిలుచున్నారా?

జేబులోని ఫోను మనం ఎన్ని అడుగులు నడిచామో చెబుతుంది. దానికి మన కాళ్ళు కనబడవు కదా! మరి ఎలా చెప్పగలుగుతోంది?

ఫోనులో యాక్సిలరోమీటర్ అనే చిన్న సాధనం ఉంటుంది. ఫోను పొడవు, వెడల్పు, మందం వెంట త్వరణాన్ని విడివిడిగా కొలవటం దాని పని. బల్లమీద కదలకుండా ఉన్నప్పుడు కూడా అది సుమారు 9.8 మీ/సె² చూపుతుంది. గురుత్వాకర్షణ వల్ల వచ్చే అంకె ఇది. ఆ అంకె ఏ దిశలో కనిపించిందో చూసి ఫోను నిలువుగా ఉందో, అడ్డంగా ఉందో చెప్పవచ్చు. ఇక నడిచేటప్పుడు అడుగు పడినప్పుడల్లా అంకెలు పెరిగి తగ్గుతాయి. గ్రాఫు గీస్తే అలలు వస్తాయి. అలలను లెక్కిస్తే అడుగులు లెక్కించినట్లే.

అన్ని పనులూ ఇంత సులభంగా దొరకవు. ఇటలీలోని జెనోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 30 మంది నడుముకు ఫోను కట్టి నడవటం, మెట్లెక్కటం, దిగటం, కూర్చోవటం, నిలబడటం, పడుకోవటం అనే ఆరు పనులు చేయించారు. సెకనుకు 50 కొలతలు తీసుకున్నారు. 2013లో ప్రకటించిన ఫలితాల్లో పడుకోవటాన్ని కంప్యూటరు చక్కగా గుర్తించింది. కూర్చోవటం, నిలబడటం దగ్గర మాత్రం కొన్నిసార్లు తికమకపడింది. ఎందుకు? పడుకుంటే నడుము అడ్డం తిరుగుతుంది. కూర్చున్నా, నిలబడినా నిలువుగానే ఉంటుంది. వంగినవి మోకాళ్ళు, ఫోను ఉన్నది నడుము దగ్గర! సాధనానికి తెలిసేది కదలిక మాత్రమే. దాన్నిబట్టి పనిని ఊహించుకోవాలి.

ఊహ తప్పితే నష్టమేమిటి అంటారా? ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మమ్మ జారిపడిందనుకోండి. పడుతున్నప్పుడు కొలత సున్నా వైపు తగ్గి, నేల తాకగానే ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ గుర్తు పట్టి సాధనం మనకు కబురు పంపాలి. అయితే అలసిపోయి మంచంమీద కూలబడినా ఇంచుమించు అలాంటి గుర్తే రావచ్చు. ఉత్త కబుర్లు ఎక్కువైతే ఎవరూ పట్టించుకోరు. అసలు కబురు రాకపోతే ప్రాణానికే ముప్పు.

యంత్రానికి సరిగా నేర్పాలంటే పెద్దవారు పడినప్పటి కొలతలు కావాలి. వారిని పడి చూపించమని అడగలేం కదా! 2017లో కొలంబియా పరిశోధకులు ప్రకటించిన కొలతల్లో పడినవారు దాదాపు అందరూ యువతీయువకులే. పెద్దవారిలో ఒక్కరే పడి చూపారు. 60 ఏళ్ళ ఆ వ్యక్తి జూడోలో ఆరితేరినవారు. మన అమ్మమ్మకు జూడో రాదే!

మీరూ ఆలోచించండి. ఫోనును నడుముకు బదులు తొడకు కడితే కూర్చోవటాన్నీ నిలబడటాన్నీ వేరుచేయవచ్చా? అప్పుడు తికమకపెట్టే రెండు పనులు ఏవి?